ఎమిలీ చూసే ఆరు పేజీలు

ప్రతి గురువారం సాయంత్రం ఏడున్నరకు ఎమిలీ పద్మారావు నగర్‌లోని తన రెండు గదుల ఫ్లాట్‌లో ఫ్యాన్ ఆపేసేది. ఆ చప్పుడు మైకులోకి వస్తోందని ఎనిమిదేళ్ల కిందట డబ్లిన్ నుంచి ఒకాయన మర్యాదగా చెప్పాడు. అప్పట్నుంచి మే నెలలో కూడా ఆ గంటన్నరసేపు చెమట తుడుచుకుంటూనే కూర్చునేది.

ఆమెకు అరవై ఒకటి. ఒక పాలిటెక్నిక్‌లో ఇరవై తొమ్మిదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పి రిటైరైంది. తండ్రి నరసాపురం నుంచి మిషన్ స్కూల్లో టీచరుగా సికింద్రాబాద్ వచ్చాడు. ఆయనా, తల్లీ పోయి చాలా కాలమైంది. ఎమిలీ పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. ఆదివారం చర్చి, మంగళవారం కూరగాయలు, గురువారం కమిటీ. మిగతా నాలుగు రోజులకీ తేడా తెలియాలంటే క్యాలెండర్ చూసుకోవాల్సిందే.

కమిటీ అంటే కాలనీ కమిటీ కాదు. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటూ వంతూ చూపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. వాటిని తయారుచేసేవాళ్లు చాలామంది. ఒకరి సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రాము ఇంకొకరి సిస్టమ్ మీద కూడా నడవాలంటే అందరూ ఒప్పుకున్న నియమాలు కొన్ని ఉండాలి. ఆ నియమాలన్నీ కలిపి ఒక పుస్తకం, సుమారు నాలుగు వేల పేజీలు. దాన్ని రాసేది, దిద్దేది, అవసరమైతే కొట్టేసేది ఈ కమిటీ. వారానికోసారి ఎనిమిది, తొమ్మిది మంది తలా ఒక దేశంలో కూర్చుని ఇంటర్నెట్ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. జీతం లేదు. చాలామందిని వాళ్ల కంపెనీలు పంపిస్తాయి. ఎమిలీని ఎవరూ పంపలేదు. పద్నాలుగేళ్ల కిందట పుస్తకంలో ఒక తప్పు కనిపించి రాసి పంపింది. అది నిజంగానే తప్పని తేలింది. అప్పట్నుంచి ఉండిపోయింది.

అక్కడ పని జరిగే తీరు ఆమెకు నచ్చింది. తప్పు కనిపెట్టినవాళ్లు వెబ్‌సైట్‌లో నాలుగు గడులు నింపాలి. పేజీ, లైను నంబరు, తప్పేమిటి, దాని బదులు ఏం రాయాలి. నాలుగో గడి ఖాళీగా వదిలితే చర్చకే రాదు. ఇది బాగాలేదని ఊరికే అనడానికి లేదు, ఎలా ఉండాలో చెప్పాలి. ఒకసారి పంపిన మాటను తీసేయడం కూడా లేదు, అధ్యక్షుడైనా సరే. తప్పు రాస్తే దాని కిందే సవరణ రాసుకోవాలి. చర్చయ్యాక చేతులెత్తడాలు ఉండవు. అధ్యక్షుడు ఓవెన్ "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగి పది సెకన్లు ఆగుతాడు. ఎవరూ నోరు విప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

పుస్తకంలో ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరు చూసుకుంటారు. ఎమిలీ చూసేది ఆరు పేజీలు. ఒకే పెద్ద కంప్యూటర్‌కి నాలుగైదు స్క్రీన్లు తగిలించి నలుగురూ పనిచేసే రోజుల్లో, ఒకరి స్క్రీను నుంచి ఇంకొకరి స్క్రీను మీదికి ఒక వాక్యం పంపడానికి వాడిన చిన్న ప్రోగ్రాము అది. పదకొండేళ్ల కిందట దాన్ని చూసుకునేవాళ్లు ఎవరూ లేకపోతే ఆమె తీసుకుంది.

ఫిబ్రవరిలో క్లాస్ అనే జర్మన్ ఇంజనీరు ఒక ప్రతిపాదన పెట్టాడు. ఇప్పుడు ఎవరి కంప్యూటర్ వాళ్లకుంది. ఈ ప్రోగ్రాము ఎవరూ వాడడం లేదు. ఆరు పేజీలూ తీసేద్దాం. అభిప్రాయాలకు ముప్పై రోజుల గడువు.

ఆ ఆరు పేజీలు పోతే ఎమిలీకి చూసుకునే భాగం ఉండదు. భాగం లేనివాళ్లు గురువారం సమావేశంలో ఉండరు. పొమ్మని ఎవరూ అనరు, సమావేశం లింకు రాదు, అంతే. వేరే భాగం అడగవచ్చు. మూడేళ్ల కిందట ఒకసారి అడిగింది కూడా. ఖాళీ అయినవన్నీ కంపెనీలు తమవాళ్లకే తీసుకుంటున్నాయి.

ఆ ఆదివారం చర్చి నుంచి చెల్లెలి కూతురు షెకీనా భోజనానికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. విషయం విని నవ్వింది.

"పెద్దమ్మా, ప్రపంచంలో దాన్ని వాడేది నువ్వొక్కదానివే. అది కూడా ఎవరికి పంపిస్తావు?"

"టెస్ట్ చేయడానికి పంపుతుంటాను."

"అదే, ఎవరికి?"

"రెండు విండోలు తెరిచి దీన్నుంచి దానికి పంపుకుంటాను."

"దేవుడా! నీకు నువ్వే మెసేజ్ పెట్టుకుని నువ్వే చదువుకుంటావా? జవాబు కూడా ఇస్తావా?"

"జవాబు వెళ్తుందో లేదో కూడా చూడాలిగా."

షెకీనా నవ్వు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. "నిజం చెప్పు. నీక్కావలసింది ప్రోగ్రామా, గురువారమా?"

"పప్పు ఇంకొంచెం వేసుకో," అంది ఎమిలీ.

కమిటీ దగ్గర ఒక పాత కట్టుబాటు ఉంది. అది కొత్తగా ఏదీ కనిపెట్టదు, వాడుకలో ఉన్నదాన్నే రాస్తుంది. కాబట్టి వాదించి లాభం లేదు. ఈ రోజు దాన్ని వాడుతున్న చోటు ఒక్కటి చూపిస్తే చాలు, పేజీలు నిలుస్తాయి. పేరూ ఊరూ చెప్పాలి, ఎవరైనా సరిచూసుకునేలా ఉండాలి. ఎమిలీ వెతకడం మొదలుపెట్టింది. ముందు తను పనిచేసిన పాలిటెక్నిక్‌కే వెళ్లింది. పాత ల్యాబ్‌లో బల్లలు తీసేసి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆమెను గుర్తుపట్టిన అటెండరు ఒక్కడే. రెండు లైబ్రరీలు, ఒక ప్రెస్సు, ఒక చిట్‌ఫండ్ ఆఫీసు తిరిగింది. అన్నిచోట్లా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆమె ఏం అడుగుతోందో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

ఇరవై రోజులయ్యాక కార్ఖానా ఏరియాలో ప్రింటర్లు బాగుచేసే దుర్గేష్ దగ్గరికి వెళ్లింది. అతను ఆమె పాత విద్యార్థి.

"లాలాగూడల ఒక గోడౌన్ ఉంది మేడం. లారీల స్పేర్ పార్ట్‌లు. వాళ్లది ఇంకా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే. ఒక్క మెషిన్‌కి ఆరు స్క్రీన్లు. నేను పోయినప్పుడల్లా నవ్వుతుంటా, వాళ్లు మాత్రం పానం పెట్టి చూసుకుంటరు దాన్ని."

మర్నాడే వెళ్లింది. రైల్వే క్వార్టర్స్ దాటి లోపలికి పోతే పొడుగాటి రేకుల షెడ్డు. గేటు దగ్గర సెల్‌ఫోన్ తీసుకుని ఒక చెక్కపెట్టెలో పెట్టారు. దొంగతనాల భయంతో పెట్టిన నియమమట. ఎలాగూ ఆ రేకుల కింద సిగ్నల్ రాదు. ఇనప మెట్లెక్కితే చిన్న గది. అందులో బ్రహ్మచారి అనే స్టోర్‌కీపర్. యాభై ఆరేళ్లుంటాయి, మోకాలికి పట్టీ చుట్టుకున్నాడు.

"ఏందీ మేడం, గిది చూసెతందుకు పద్మారావు నగర్ నుంచి వచ్చిన్రా? ఇంట్ల ఏం పని లేదా?"

"లేదండి," అంది ఎమిలీ.

ఆయన నవ్వి, రెండు వేళ్లతో టైపు చేశాడు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. ఆయిల్ ఫిల్టర్లు పద్నాలుగో ర్యాకులో ఉన్నాయా అని. కింద కౌంటర్‌లో కూర్చునే కల్పలతకి. అర నిమిషం తర్వాత ఆయన స్క్రీను మీద, సరుకుల లెక్క మధ్యలోనే, జవాబు వచ్చి పడింది.

"పద్నాలుగుల లేవు. తొమ్మిదిల ఉన్నయి. నిన్ననే చెప్పిన. అద్దాలు పెట్టుకో."

"సూసిన్రా? గిట్లనే తిడ్తది రోజు. చాయ్ వచ్చిందని సుత దీంట్లనే చెప్తది. అలిగిందనుకోండ్రి, మెసేజ్‌లు రాకుంట బంద్ పెట్టుకుంటది. మొన్న పొద్దంత బంద్ పెట్టింది. ఒక్కొక్క ఫిల్టర్‌కు నేను మెట్లు దిగి పోయిన, గీ మోకాళ్లతోని."

కింది నుంచి కల్పలత గొంతు వినపడింది. "నా మీద చాడీలు చెప్తున్నడా మేడం? మొన్న నన్ను ఏమన్నడో అది సుత చెప్పమనండ్రి!"

ఎమిలీ ఆ స్క్రీను వంకే చూస్తూ ఉండిపోయింది. పంపినవారి పేరు, సమయం, ఒక గంట మోత, ఆ తర్వాత వాక్యం. ఆరు పేజీల్లో ఎలా ఉండాలని రాసి ఉందో అలాగే వచ్చింది. ఆ పేజీలు ఆమె కనీసం రెండొందల సార్లు చదివి ఉంటుంది. ఇద్దరు మనుషుల మధ్య అది జరగడం చూసి ఇరవై ఏళ్లు దాటింది. బ్రహ్మచారిని ఇంకోసారి పంపమంది. ఆయన పంపాడు. "ఈ మేడం కోసమే, సీరియస్‌గ తీసుకోకు," అని. రోజుకు ఎన్నిసార్లు వాడతారని అడిగి రాసుకుంది. ఇరవై, ఇరవై అయిదు.

తర్వాత తను వచ్చిన పని చెప్పింది. బ్రహ్మచారి ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

"ఎక్కడ రాస్తరు మేడం గిదంత?"

"కమిటీ రికార్డులో. వెబ్‌సైట్‌లో ఉంటుంది."

"ఎవరన్న సదువొచ్చా?"

"ఎవరైనా."

"మా కంపెనీ పేరు సుత పెడ్తరా?"

"పేరూ ఊరూ లేకపోతే లెక్కలోకి తీసుకోరు."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు. "జెర ఆగండి మేడం. గీ మెషిన్ బంద్ చేయమని మా హెడ్డాఫీసోళ్లు రెండేండ్ల కిందనే ఆర్డర్ ఇచ్చిన్రు. కొత్తది పంపిన్రు, అది ర్యాక్ నంబర్లు సక్కగ చూపిస్తలేదు. గందుకని మా మేనేజర్ భానుప్రకాశ్ సార్ పైన ఎవ్వరికీ చెప్పకుంట దీన్నే నడిపిస్తున్నడు. తెలిస్తే ముందుగాల సార్ పోతడు, ఎన్కనే నేను. కొత్త దాంట్ల నాకు ఏం తెల్వది. నాకింక రెండేండ్ల సర్వీసున్నది."

"రాయొద్దంటున్నారా?"

"నేనెందుకంట? మీరు సదువుకున్నోళ్లు, గింత దూరమొచ్చిన్రు. మా పరేషాన్ చెప్పిన, అంతే." తలుపు మళ్లీ తెరిచి, "చాయ్ తాగుతరా?" అన్నాడు.

గడువు ఇంకా ఆరు రోజులుంది. ఎమిలీ ఇంటికి వచ్చి వెబ్‌సైట్‌లో తన అభిప్రాయం రాసిపెట్టింది. కంపెనీ పేరు, లాలాగూడ, ఆరు స్క్రీన్లు, రోజుకు ఇరవై సార్లు. పద్నాలుగేళ్లలో ఆమె రాసినవాటన్నిటిలో ఇంత గట్టి ఆధారం ఉన్నది ఇదొక్కటే. పంపే బటన్ నొక్కలేదు. మర్నాడు మళ్లీ తెరిచి ఒక కామా సరిచేసింది. అప్పుడూ నొక్కలేదు.

ఆ హెడ్డాఫీసులో ఈ వెబ్‌సైట్ ఎవరు చూస్తారు? కమిటీ రికార్డు చదివేది నిజానికి పదిమంది. ఈ మాట తనకు తానే రెండు రోజులు చెప్పుకుంది. మూడో రోజు గూగుల్‌లో తన పేరు కొట్టి చూసింది. ఆమె రాసినవన్నీ వరసగా వచ్చాయి. లెక్క తప్పి ఒకసారి పేజీ నంబరు తప్పు రాసి, మర్నాడు దాని కిందే క్షమించమని రాసుకున్నది కూడా వచ్చింది. ఆమె పేరు మీద ఇంటర్నెట్‌లో ఉన్నది అదే, ఇంకేమీ లేదు. ఆ గోడౌన్ కంపెనీ పేరు కొట్టి చూసింది. వాళ్ల గురించి కూడా పెద్దగా ఏమీ లేదు. తను పంపితే మొదటి పేజీలోనే కనిపిస్తుంది.

షెకీనాకి ఫోన్ చేసింది. చెప్పాల్సింది చెప్పకుండా, వర్షాలు పడతాయట, గొడుగు పట్టుకెళ్లు అని పెట్టేసింది.

గడువు రోజున రాసినదంతా చెరిపేసి, ఇంకో మాట రాసి పంపింది. వాడుకలో ఉన్న ఒక చోటు చూశాననీ, వివరాలు సమావేశంలో మాట్లాడతాననీ. మాట్లాడడానికి ఏముందో ఆమెకూ తెలియదు.

గురువారం ఆ విషయం ఏడో నంబరుగా చర్చకు వచ్చింది. క్లాస్ మంచి మనిషి. వాదనలో గెలిచినా గొంతు పెంచడు.

"ఒక్క చోటు చూపిస్తే నా ప్రతిపాదన నేనే వెనక్కి తీసుకుంటాను," అన్నాడు. "నిజం చెప్పాలంటే చూడాలని నాకూ సరదాగా ఉంది."

"ఎమిలీ, నువ్వు చూశానని రాశావు," అన్నాడు ఓవెన్.

"చూశాను. ఒక మెషిన్, ఆరు స్క్రీన్లు. రోజుకు ఇరవై సార్లకు పైగా వాడతారు. అక్కడ ఫోన్లు పనిచేయవు, వాళ్లకు ఇదే ఆధారం."

"భలే! ఎక్కడ?"

"చెప్పలేను."

ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"చెప్తే అక్కడివాళ్ల ఉద్యోగాలు పోతాయి," అంది ఎమిలీ.

"పోనీ నాకొక్కడికే మెయిల్ చెయ్యి," అన్నాడు క్లాస్. "నేను నమ్ముతాను. ఇప్పుడు కూడా నమ్ముతున్నాను."

"అది కుదరదు," అన్నాడు ఓవెన్. "మనలో ఒకరిద్దరికే తెలిసినదాన్ని ఆధారంగా తీసుకోం. రేపు మన స్థానంలోకి వచ్చేవాళ్లు సరిచూసుకోలేరు. ఎమిలీకి తెలుసు."

ఎమిలీకి తెలుసు. ఆరేళ్ల కిందట క్లాస్ కంపెనీ ఏవో రహస్య లెక్కలు చూపించి ఒక నియమం మార్పించాలని చూస్తే, మాకందరికీ చూపించనిది మాకు ఆధారం కాదని పట్టుబట్టింది ఆమే. కాగితం మీద రాయించింది కూడా ఆమే. క్లాస్‌కి అది గుర్తొచ్చినట్టుంది, చిన్నగా నవ్వాడు. ఎత్తిపొడుపు ఏమీ లేదు.

"నువ్వు అప్పుడు నన్ను బాగా ఏడిపించావు, ఎమిలీ."

"అప్పుడు నాదే రైటు."

"ఒప్పుకుంటున్నాను."

"సరే," అన్నాడు ఓవెన్. "ఈ ఆరు పేజీల తీసివేతకు ఎవరికైనా అభ్యంతరమా?"

అభ్యంతరం అని ఒక్క మాట అంటే చాలు, విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడుతుంది. అప్పుడూ అంటే ఆపైవారానికి. కారణం చూపకుండా అలా నెలల తరబడి సాగదీసినవాళ్లు ఇద్దరు ముగ్గురిని ఆమె చూసింది. వాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. మైకు బటన్ మీద వేలు ఉంది. మొదటి నాలుగు సెకన్లు అలాగే ఉంచింది. తర్వాత చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరూ లేరు," అన్నాడు ఓవెన్. "ఎనిమిదో విషయం."

పేజీలు తీసేయాలంటే వాటిని చించేస్తే సరిపోదు. మిగతా నాలుగు వేల పేజీల్లో ఎక్కడెక్కడ వాటి ప్రస్తావన ఉందో అంతా వెతికి, ప్రతిచోటా బదులు ఏం రాయాలో చెప్పాలి. ఆ పని ఆ భాగం చూసుకునేవాళ్లదే. ఎమిలీ పది రోజులు కూర్చుని నలభై ఒక్క చోట్లు పట్టుకుంది. రెండు చోట్ల ఆ ప్రోగ్రాము పేరు కేవలం ఉదాహరణగా వచ్చింది. అక్కడ వేరే ఉదాహరణ తనే కల్పించి రాసింది. అయిదు చోట్ల నియమం అర్థమే మారిపోతుంది కాబట్టి కొత్త వాక్యాలు రాయాల్సి వచ్చింది.

ముప్పై ఎనిమిదో చోటు రాస్తుండగా బ్రహ్మచారి ఫోన్ చేశాడు. ఆమె నంబరు దుర్గేష్ దగ్గర తీసుకున్నాడట.

"మేడం, ఏమాయె? మా పేరు ఎక్కిందా దాంట్ల?"

"ఎక్కలేదండి. రాయలేదు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "పదిహేను దినాల సంది నిద్ర లేదు మేడం. సార్‌కు సుత చెప్పలే. మరి మీ పని?"

"అది అయిపోయింది. పుస్తకంలోంచి తీసేస్తున్నారు."

"తీసేస్తే మా మెషిన్ బంద్ అయితదా?"

"కాదు. మీది ఎలా నడుస్తోందో అలాగే నడుస్తుంది. కొత్తగా తయారుచేసేవాళ్లు దాన్ని పెట్టాల్సిన పని లేదు, అంతే."

"ఎప్పుడొస్తది కొత్త పుస్తకం?"

"రెండేళ్లు పడుతుంది."

"గంత టైమా? అప్పటికి నేను సుత రిటైర్ అయిత!" గట్టిగా నవ్వాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "మీకేమన్న లుక్సాన్ అయిందా మేడం దీనితోని?"

"లేదండి."

"నిజంగ?"

"నాకేముంటుంది, జీతమా బత్తెమా."

"కల్పలత అడుగుతున్నది, మళ్ల రమ్మని. మీరు మస్తు శ్రద్ధగ చూసిన్రట, మా సార్ సుత అట్ల చూడడట. ఒకదినం రాండ్రి. చాయ్ తాగుదురు."

"చూస్తానండి," అంది ఎమిలీ. ఫోన్ పెట్టేసి మిగిలిన మూడు చోట్లూ రాసింది. మొత్తం ఒకసారి మొదటి నుంచి చదువుకుని పంపింది.

సాయంత్రానికి ఓవెన్ నుంచి మెయిల్ వచ్చింది. ఇంత తప్పుల్లేని తీసివేత తను ఎప్పుడూ చూడలేదని రాశాడు. పదకొండేళ్లు ఆ భాగాన్ని చూసుకున్నందుకు కమిటీ తరఫున ధన్యవాదాలు కూడా చెప్పాడు. ఆమె బదులు రాసింది. ముప్పై మూడో చోట ఒక లైను నంబరు మరోసారి చూసుకోమంది.

తర్వాతి గురువారం లింకు రాలేదు. ఒక్కోసారి ఆలస్యంగా వస్తుందని ఎనిమిది దాకా చూసింది. మెయిల్ ఫోల్డర్లన్నీ వెతికింది. పొరపాటేమీ జరగలేదు, నియమం ప్రకారమే. లేచి అన్నం వేడి చేసుకుంది.